వాటర్ బెడ్ కారుతోందా? ముందు మూత చూడండి

ఇంట్లో ఎవరైనా మంచం పట్టారంటే, ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు మందుల చీటీ ఇచ్చి, పోతూ పోతూ ఒక మాట అంటారు: "ఒక వాటర్ బెడ్ కొనుక్కోండమ్మా, వీపు మీద పుండ్లు పడకుండా ఉంటుంది." చెన్నైలో దాన్ని కొనడం కష్టమేమీ కాదు. జనరల్ హాస్పిటల్ చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో, పార్క్ టౌన్ నైనియప్ప నాయకన్ వీధిలో అడిగితే మడత పెట్టిన పరుపు ఒకటి చేతిలో పెడతారు. నీళ్లు ఎన్ని పోయాలి, ఏ నీళ్లు పోయాలి, కారితే ఏం చేయాలి అన్నది మాత్రం చెప్పే తీరిక అక్కడెవరికీ ఉండదు. ఇక్కడ చెప్పేది అదే.

షోకుకి వేసుకునే డబుల్ కాట్ వాటర్ బెడ్ సంగతి కాదు ఇది. ఆ రకాన్ని 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో డిజైన్ చదువుతున్న చార్లెస్ హాల్ అనే విద్యార్థి తయారుచేశాడు. రోగుల కోసం నీళ్ల పరుపు అన్న ఆలోచన అంతకంటే చాలా పాతది. 1830ల్లోనే నీల్ ఆర్నాట్ అనే స్కాట్లండ్ డాక్టరు నీళ్ల తొట్టి మీద రబ్బరు పట్టించిన గుడ్డ పరిచి, దాని మీద రోగిని పడుకోబెట్టాడు. మన సర్జికల్ షాపులో దొరికేది ఆయన పరుపుకి మునిమనవరాలు అనుకోండి. పనిచేసే సూత్రం మారలేదు. గట్టి పరుపు మీద పడుకుంటే ఒంటి బరువంతా నడుం కింది ఎముక మీద, మడమల మీద, తుంటి మీద పడుతుంది. అక్కడ రక్తం ఆడక చర్మం చచ్చుబడుతుంది. నీళ్లయితే ఒంటి ఆకారానికి తగ్గట్టు సర్దుకుని బరువుని పంచుతాయి.

సర్దుకోవాలంటే నీళ్లకి కదలడానికి చోటుండాలి. పరుపుని బిర్రుగా నింపేస్తే అది నీళ్ల పరుపు కాదు, నీళ్లు నింపిన బండ. అతుకులు విడిపోవడానికీ, మూత దగ్గర కారడానికీ, కొన్నాక కూడా వీపు ఎర్రబడటానికీ చాలా ఇళ్లల్లో కారణం ఇదే.

మీ పరుపు రబ్బరా, ప్లాస్టిక్కా?

మొదట ఇది తేల్చుకోండి. తుడవడం, దాచడం, ప్యాచ్ వేయడం, అన్నీ దీని మీదే ఆధారపడతాయి. రబ్బరు పట్టించిన గుడ్డ పరుపైతే పట్టుకుంటే బరువుగా, మందంగా ఉంటుంది, పైన మెరుపుండదు, నేత గుర్తులు కనిపిస్తాయి, కొత్తదైతే సైకిల్ ట్యూబు వాసన వేస్తుంది. పీవీసీ, అంటే ప్లాస్టిక్ పరుపు నున్నగా మెరుస్తుంది, రెయిన్‌కోటు వాసన వేస్తుంది, అంచులు కుట్టినట్టు కాకుండా వేడితో అంటించినట్టు చదునుగా ఉంటాయి. అట్టపెట్టె మీద రాసి ఉంటే మరీ మంచిది, పెట్టెని పారేయకండి. లోపల రిపేర్ కిట్ అని ఓ చిన్న కవరు ఉండొచ్చు. అది ఎవరో ఒకరు చెత్తబుట్టలో వేసేస్తారు. ఇప్పుడే తీసి మందుల డబ్బాలో పెట్టండి.

మంచం, బరువు

మామూలు రోగి పరుపు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంటుంది. ఆ కొలతకి ఒక సెంటీమీటరు లోతు నీళ్లంటే సుమారు 17 లీటర్లు. మన చెన్నైలో లారీ నీళ్లకి వరసలో పెట్టే రంగు రంగుల ప్లాస్టిక్ బిందెలున్నాయి చూశారూ, ఇంచుమించు అందులో ఒకటి. కాబట్టి బిందెకో సెంటీమీటరు అని గుర్తుపెట్టుకుంటే చాలు. 8 సెంటీమీటర్ల లోతుకి సుమారు 135 లీటర్లు అవుతుంది, అంటే 135 కిలోలు. దాని మీద మనిషి బరువు ఇంకో 50, 60.

నేల గురించి భయపడక్కర్లేదు. ఇళ్ల శ్లాబులని చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు, ఈ పరుపులో నీళ్లు చదరపు మీటరుకి 80 కిలోలే, అందులో సగం కూడా రావు. భయపడాల్సింది మంచం గురించి. మడత మంచం, నవారు మంచం, నడుమ ఒక్క కాలు కూడా లేని సన్న చెక్క మంచం దీనికి పనికిరావు. గట్టి చెక్క మంచం గానీ, పైన ప్లైవుడ్ పలక వేసిన ఇనప మంచం గానీ ఉండాలి. ప్లైవుడ్ వేశాక అరచేత్తో మొత్తం తడమండి. పైకి లేచిన మేకు, చీలిన చెక్క పెళ్ల, వెల్డింగ్ మొన ఏదున్నా చేతికి తగులుతుంది. పలక మీద పల్చటి ఫోమ్ పరుపు గానీ, మడత పెట్టిన దళసరి దుప్పటి గానీ పరిచి, ఆపైన వాటర్ బెడ్ వేయండి. కొబ్బరి పీచు పరుపు మీద నేరుగా వేయకండి, పీచు మొనలు గుచ్చుకుంటాయి.

ఇంకో సంగతి. మంచం కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే ఇవాళే తీసి గోడకి ఎత్తుగా తగిలించండి. ఫ్యాను, ఫోను చార్జరు, నెబ్యులైజరు అన్నీ దానికే పెట్టి, అదేమో సరిగ్గా నీళ్ల పరుపు కింద నేల మీద ఉంటుంది.

నీళ్లు: ఏవి, ఎప్పుడు, ఎన్ని

మెట్రో వాటర్ దొరికితే అదే పోయండి. పుళల్, చెంబరంబాక్కం, పూండి చెరువుల్లాంటి చోట్ల నుంచి తెచ్చి శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపే నీళ్లవి. పూండికి వచ్చే వాటాలో కొంత మన ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి కాలవలో వచ్చే కృష్ణ నీళ్లే. బోరు నీళ్లయితే సముద్రం దగ్గరి పేటల్లో ఉప్పగా ఉంటాయి, కొన్నిచోట్ల ఎర్రగా ఇనుము తుప్పుతో వస్తాయి. ఉప్పు నీళ్లు రబ్బరుని వెంటనే పాడుచేయవు గానీ, మూత దగ్గర ఇత్తడో ఇనుమో ఉంటే దాన్ని తినేస్తాయి, ఎండాక మర మీద తెల్లటి పొర కడతాయి. ఆ పొర వల్లే మూత సరిగ్గా బిగవదు. బోరు నీళ్లు తప్ప గతి లేకపోతే, పోసేటప్పుడు పల్చటి పంచె గుడ్డలో వడకట్టండి, ఖాళీ చేసిన ప్రతిసారీ మూతని మంచినీళ్లతో కడగండి.

వేళ కూడా ముఖ్యం. అగ్ని నక్షత్రం అనే మే నెల నడి ఎండల రోజుల్లో మధ్యాహ్నం మిద్దె మీది సింటెక్స్ నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. మంచంలో ఉన్న ముసలివాళ్ల చర్మానికి ఆ వేడి మంచిది కాదు, మధుమేహం ఉండి స్పర్శ తగ్గినవాళ్లయితే కాలుతున్న సంగతి కూడా చెప్పలేరు. తెల్లవారుజామున నింపండి. గీజరు నీళ్లు కలపొద్దు. పసిపిల్లల స్నానానికి చూసినట్టు మోచేయి పెట్టి చూడండి, వేడీ చలీ రెండూ తెలియకూడదు.

చల్లదనం సంగతి ఎవరూ చెప్పరు. పరుపులో నీళ్లు నెమ్మదిగా గది వేడికి వచ్చేస్తాయి. గదిలో ఏసీ 22లో పెట్టి రాత్రంతా వదిలితే నీళ్లూ అంతకే దిగుతాయి, మనిషి ఒంట్లో వేడిని తెల్లవార్లూ లాగేస్తూనే ఉంటాయి. షోకు వాటర్ బెడ్లకి అందుకే హీటరు ఉంటుంది, మనవాటికి ఉండదు. పరుపుకీ మనిషికీ మధ్య మెత్తటి నూలు దుప్పటి ఒకటి వేసి, ఏసీని 26, 27 దగ్గర ఉంచండి. హీటింగ్ ప్యాడ్, వేడినీళ్ల సంచి లాంటివి దాని మీద పెట్టకండి.

నింపే పద్ధతి ఇది. పరుపుని మంచం మీదే, ఉండాల్సిన చోటే పరవాలి. కింద నింపి పైకెత్తుదాం అనుకుంటే ఇద్దరు మగవాళ్ల నడుములు పోతాయి, పరుపు అతుకూ పోతుంది. మూత కాళ్ల వైపు ఉండాలి. తల వైపు ఉంటే రాత్రి చెవి దగ్గర గరగరలు, పొద్దున దిండు తడి. శుభ్రమైన ట్యూబు మూతిలో పెట్టి నీళ్లు నిదానంగా వదలండి. మూడు నాలుగు బిందెలు పడ్డాక ఆపి, మూతి భాగాన్ని చేత్తో పైకెత్తి పట్టుకుని, తల వైపు నుంచి దుప్పటి చుట్టలాంటిది దొర్లిస్తూ గాలిని మూతి వైపు నెట్టండి. మళ్లీ పోయండి, మళ్లీ గాలి తీయండి. గాలి మిగిలిపోతే మనిషి కదిలినప్పుడల్లా గుడగుడమంటుంది. "ఏందమ్మా, కడుపులోనా పరుపులోనా ఆ చప్పుడు?" అని పెద్దవాళ్లు నవ్వుతారు గానీ నిద్ర మాత్రం పట్టదు. మూడు అరలున్న పరుపైతే మూడింటికీ విడివిడిగా ఇదే పని, నడుం కింద ఉండే నడిమి అర మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

ఎన్ని నీళ్లు అన్నదానికి కొలత బిందె కాదు, మీ చెయ్యి. కంపెనీ కాగితంలో లెక్క ఉంటే దాంతో మొదలుపెట్టండి. మనిషిని పడుకోబెట్టాక, నడుం దిగువ ఎముక కిందికి, పరుపు అడుగున, అరచెయ్యి పైకి ఉండేలా చేతిని దూర్చండి. మీ చేతికీ ఎముకకీ మధ్య కనీసం అంగుళం మందం నీళ్లు తెలియాలి. ఎముక చేతికి గట్టిగా తగిలితే నీళ్లు చాలలేదు, ఇంకో బిందె పోయండి. మనిషి పరుపు పైన పలక మీద పడుకున్నట్టు ఏ మాత్రం దిగకుండా ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి, ఒక బిందె తీసేయండి. సరిగ్గా నింపిన పరుపుని ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే వదులుగా, కాస్త ముడతలుగా ఉంటుంది. షాపులో కుర్రాడు "ఫుల్లా నింపు అక్కా" అన్నాడని నింపకండి.

ఇంత చేసినా రెండు గంటలకోసారి పక్క మార్చడం మానకూడదు. వాటర్ బెడ్ ఉందిగా అని ధైర్యంగా ఒకే పక్కన ఉంచేస్తే పుండు పడే తీరుతుంది. మడమలు మంచానికి ఆనకుండా పిక్కల కింద చిన్న దిండు పెట్టండి. స్నానం చేయించేటప్పుడు ఎక్కడైనా ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలండి. ఎరుపు పోకుండా అలాగే ఉంటే ఆలస్యం చేయక నర్సుకి గానీ డాక్టరుకి గానీ చూపించండి. ముక్కు ట్యూబుతో ఆహారం ఇచ్చేవాళ్లకి తల ఎత్తి ఉంచాలి కదా, అప్పుడు నీళ్లన్నీ కాళ్ల వైపు జారిపోయి నడుం కింద ఖాళీ అయిపోతుంది. తల ఎత్తాక చేతి పరీక్ష మళ్లీ చేయండి. రోజులో ఎక్కువసేపు కూర్చోబెట్టాల్సిన మనిషైతే గాలి పంపుతో నడిచే ఎయిర్ బెడ్ మేలని నా అభిప్రాయం. కాకపోతే దానికి కరెంటు కావాలి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకి నగరంలో చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు పంపు ఆగితే ఎయిర్ బెడ్ పనికి రాదు, నీళ్ల పరుపుకి ఆ బెంగ లేదు. ఎయిర్ బెడ్ కొన్నా పాత వాటర్ బెడ్‌ని అటక మీద ఉంచమనేది అందుకే.

రోజూ చూసుకోవాల్సినవి

రబ్బరుకి అసలు శత్రువు సూది కాదు, నూనె. మన ఇళ్లల్లో మంచం పట్టినవాళ్లకి కొబ్బరి నూనె, నువ్వుల నూనె రాసి మర్దనా చేయడం అలవాటు. ఆ నూనె దుప్పటిలోంచి ఇంకి రబ్బరులోకి చేరితే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, జిగటగా తయారవుతుంది. వాజిలైన్ కూడా అంతే. నూనె రాయొద్దని కాదు. రాసి, ఒంటికి ఇంకనిచ్చి, మిగిలింది తుడిచి, అప్పుడు పడుకోబెట్టండి. పరుపు మీద మరక పడితే సబ్బు నీళ్ల గుడ్డతో ఆ రోజే తుడిచేయండి. ఫినాయిలు, కిరసనాయిలు దగ్గరికి రానివ్వకండి. మూత్రం వాసన పోవాలంటే మామూలు సబ్బు నీళ్లు, తర్వాత మంచినీళ్లు, తర్వాత పొడి గుడ్డ. అంతే.

గుచ్చుకునేవాటిలో చాలావరకు మన ఒంటి మీదే ఉంటాయి. చీరకి పెట్టిన పిన్నీసు, జడపిన్ను, అంచు లేచిన గాజు, కాలి మెట్టె. యూరిన్ బ్యాగు కొక్కెం పరుపుకి తగిలించకుండా మంచం పట్టీకి తగిలించండి. ఇన్సులిన్ సూది వేసినవాళ్లు సూదిని పరుపు మీద పెట్టి దూది వెతుక్కోకూడదు. పిల్లి ఉన్న ఇంటికి వేరే చెప్పాలా.

నీళ్లు మార్చడం గురించి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. చెన్నై వేడిలో నిలవ నీళ్లకి పాచి పట్టడం తొందరే కాబట్టి, నెలన్నర, రెండు నెలలకోసారి మార్చడం మంచిదంటాను. మూత తీయగానే వాసన కొట్టినా, నీళ్లు పచ్చగా కనిపించినా లెక్క చూడక్కర్లేదు, వెంటనే మార్చండి. బ్లీచింగ్ పౌడరు మాత్రం పోయకండి. అడుగున సున్నంలా పేరుకుంటుంది, రబ్బరునీ తింటుంది.

ఖాళీ చేయడం సులువే. మంచం ఎత్తులో ఉంది, బాత్రూం తూము కిందుంది. పొడుగాటి ట్యూబుని కొళాయికి పెట్టి నిండా నీళ్లు పట్టి, రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి, ఒక కొసని పరుపు మూతిలోపల నీళ్లలోకి దింపి, రెండోది తూము దగ్గర వదిలితే నీళ్లు వాటంతటవే దిగిపోతాయి. నోటితో పీల్చొద్దు. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికీ, లెట్రిన్‌లో పోయడానికీ వాడుకోవచ్చు. ఈ ఊళ్లో నీళ్లు ఊరికే పారబోసే ధైర్యం ఎవరికుంది?

కారుతోంది అనిపిస్తే

ముందు కారుతోందో లేదో తేల్చండి. దుప్పటి తడిసిందంటే చెమట కావచ్చు, డైపరు జారి ఉండొచ్చు, యూరిన్ ట్యూబు మెలిక పడి పక్కనుంచి వచ్చి ఉండొచ్చు. ఏసీలో చల్లబడిన పరుపుకి, తలుపు తీయగానే వచ్చే ఉక్క గాలి తగిలితే గ్లాసు మీద పట్టినట్టే చెమట పడుతుంది. పరుపుని పైనా పక్కలా పొడిగా తుడిచి, చుట్టూ, అంచుల కిందికి కాస్త దోపి, పాత న్యూస్ పేపర్లు పెట్టండి. రెండు గంటల తర్వాత పక్క మార్చేటప్పుడు చూడండి. కాగితం ఎక్కడ తడిసిందో అదే మీకు దారి చూపిస్తుంది. పై దుప్పటి మాత్రమే తడిసి కాగితాలన్నీ పొడిగా ఉంటే పరుపు తప్పేం లేదు.

తడి కాళ్ల వైపే ఉంటే మూత చూడండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది. మూత విప్పి లోపల రబ్బరు వాషరు ఉందా, వంకరపోయిందా, గట్టిపడి చీలిందా చూడండి. పాత టూత్ బ్రష్‌తో మర మీది ఉప్పు పొర గీకి కడగండి. వాషరు పాడైతే ప్లంబింగ్ సామాను షాపుకి పాతది పట్టుకెళ్లి అదే కొలతది తెచ్చుకోండి, చిల్లర డబ్బుల్లో అయిపోతుంది. మూత ప్లాస్టిక్ మరదైతే మగ మర (బయటికి తేలిన మర) మీద టెఫ్లాన్ టేపు, బిగించే దిక్కుకే, రెండు మూడు చుట్లు చుట్టి బిగించండి. చేత్తో బిగించినంత చాలు. కటింగ్ ప్లేయరు పెట్టి తిప్పితే మూతి చీలుతుంది, దానికిక మందు లేదు.

మూత బాగుందంటే చిల్లు వెతకాలి. ఇక్కడ ఆగి ఒక ఏర్పాటు చేయండి. ప్యాచ్ వేసి ఆరడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అంతసేపు మనిషి ఎక్కడ పడుకోవాలి? మందమైన ఫోమ్ పరుపు సిద్ధం చేసుకోండి, ఆ రోజు పక్క మార్చడం గంటన్నరకోసారి చేయండి. అర్ధరాత్రి బయటపడిన కారుడైతే ఆ పూటకి మరమ్మతు జోలికి పోకండి. మనిషిని మార్చి, చిల్లు పైవైపు ఉంటే రెండు బిందెల నీళ్లు తీసి వదులు చేసి, అక్కడ పొడిగా తుడిచి వెడల్పాటి గట్టి టేపు అంటించి, తెల్లారాక పని మొదలుపెట్టండి.

ఇంకో మాట, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ప్యాచ్ అంటించే రబ్బరు సొల్యూషన్‌కి, పీవీసీకి వాడే వినైల్ గమ్ముకి చటుక్కున నిప్పంటుకుంటుంది, ఆవిరి ఘాటుగా ఉంటుంది. రోగి ఉన్న గదిలో, అందులోనూ ఆక్సిజన్ నడుస్తున్న గదిలో ఆ సీసా మూత తీయకండి. పరుపుని బాల్కనీకో మిద్దె మీది నీడకో తీసుకెళ్లండి. దేవుడి దగ్గర దీపం, దోమల కాయిల్ కూడా దూరంగా ఉండాలి.

1. పరుపుని పూర్తిగా ఖాళీ చేసి, తల వైపు నుంచి మూతి వైపు చుట్టుకుంటూ వచ్చి మిగిలిన నీళ్లు కూడా పిండండి. పైన పొడిగా తుడవండి.

2. చేతి పంపుతో గాలి కొట్టండి, బుగ్గలా కొంచెం ఉబ్బితే చాలు. టైరు షాపు కంప్రెసరు దగ్గరికి తీసుకెళ్లకండి, ఆ ఒత్తిడికి అతుకులు పటపటమని విడిపోతాయి.

3. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు చెంబుడు నీళ్లలో కలిపి స్పాంజితో రాస్తూ రండి. మొదట కాగితం తడిసిన చోటు, తర్వాత అంచులు, తర్వాత మిగతాది. బుడగలు ఒకే చోట వరసగా లేస్తుంటే అదే చిల్లు. చుట్టూ సుద్దముక్కతో గానీ బాల్ పెన్‌తో గానీ పెద్ద సున్నా చుట్టండి. ఒకటి దొరికిందని ఆపకండి, రెండోది ఉండనే ఉంటుంది.

4. గాలి తీసేసి, సబ్బు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద ఏ గమ్మూ పట్టదు. చెన్నై ఉక్కలో ఫ్యాను కింద పూటంతా పెట్టినా తప్పులేదు, ఎండలో మాత్రం వద్దు.

5. రబ్బరు పరుపైతే: సైకిల్ షాపులో రబ్బరు సొల్యూషన్, ట్యూబు ప్యాచ్ దొరుకుతాయి. హార్డ్‌వేర్ షాపులో ఉప్పుతాళ్ (గరుకు కాగితం) అడగండి, సన్న రకం ఇమ్మనండి. చిల్లు చుట్టూ ప్యాచ్ కంటే కాస్త ఎక్కువ మేర తేలిగ్గా రుద్దండి, మెరుపు పోయి గరుకు తేలితే చాలు, గుడ్డ బయటపడేదాకా రుద్దకండి. ప్యాచ్ చిల్లుకి అన్ని వైపులా అంగుళం మించి ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. మూల ఉంటే అక్కడినుంచే లేస్తుంది. పరుపు మీదా ప్యాచ్ మీదా సొల్యూషన్ పల్చగా పూసి ఆగండి. తొందరపడి తడి మీద అంటించేయడం వల్లే సగం ప్యాచ్‌లు ఊడతాయి. ఐదు పది నిమిషాలకి మెరుపు పోయి, వేలి వెనకవైపు తగిలిస్తే అంటీ అంటనట్టు ఉంటుంది, అప్పుడు నడిమి నుంచి అంచులకి నొక్కుతూ అంటించండి. చపాతీ కర్రతో గట్టిగా దొర్లించండి.

6. పీవీసీ పరుపైతే సైకిల్ సొల్యూషన్ సరిగ్గా పట్టదు, రెండు రోజుల్లో ఒలిచినట్టు వస్తుంది. గాలి పడవలు, పిల్లల స్విమ్మింగ్ పూల్ తొట్లకి అమ్మే వినైల్ రిపేర్ కిట్ కావాలి. చిల్లు చుట్టూ స్పిరిట్ దూదితో తుడిచి, వినైల్ ముక్కకి గమ్ము రాసి, కిట్ మీద రాసినంతసేపు ఆగి అంటించండి. రుద్దే పని లేదు.

7. పైన ప్లాస్టిక్ కవరు వేసి, దాని మీద చదునైన పలక, పలక మీద ఐదు కిలోల బియ్యం సంచి. మర్నాటి దాకా ముట్టుకోవద్దు.

8. మళ్లీ గాలి, మళ్లీ సబ్బు నీళ్లు. బుడగ లేకపోతేనే మంచం మీదికి. నీళ్లు నింపాక మనిషిని పడుకోబెట్టే ముందు ఒక రాత్రి కాగితాల మీద ఉంచితే మరీ నిశ్చింత.

ఫెవిక్విక్, ఎంసీల్, పైపులకి పూసే పీవీసీ గమ్ము, ఈ మూడూ ఇంట్లో చేతికందేలా ఉంటాయి కాబట్టి అందరి చూపూ వాటి మీదే పడుతుంది. ఆరాక అవి గట్టిగా పెళుసుగా అయిపోతాయి. ఈ పరుపేమో మనిషి ఊపిరి తీసినా కదులుతుంది. గట్టిపడిన గమ్ము పగులుతుంది, పగిలిన అంచు పరుపుని ఇంకాస్త చీలుస్తుంది. పంక్చర్ షాపులో వేడి ప్యాచ్ వేయించే ఆలోచన కూడా వద్దు. పీవీసీ అయితే కరిగే పోతుంది, పల్చటి రబ్బరు గుడ్డకైనా ఆ వేడి ఎక్కువ.

చిల్లు అతుకు మీద పడినా, మూతి మొదట్లో చీలినా నా సలహా కొత్తది కొనమనే. ఆ వంపుల్లో ప్యాచ్ నిలవదు, రాత్రిపూట మళ్లీ కారుతుంది. సున్నాలు నాలుగైదు చోట్ల చుట్టాల్సి వచ్చినా, రబ్బరు మడిచిన చోట వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించినా అదే మాట.

దాచేటప్పుడు, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు

అవసరం తీరాక పరుపుని ఖాళీ చేసి, మూత తీసి, నీడలో రెండు మూడు రోజులు వేలాడదీయండి. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది. ఆరాక రబ్బరు పరుపుకి పైనా, మూతిలోంచి లోపలికీ టాల్కం పౌడరు చల్లండి, పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా ఉంటాయి. మడత పెట్టొద్దు, మడత మీదే పగులుతుంది. పాత చీర లోపల పెట్టి చుట్ట చుట్టి, పాత దిండు గలీబులో దూర్చి, ఎండా ఎలకా తగలని చోట పెట్టండి. చుట్ట పైన ఒక చీటీ కట్టండి: రబ్బరా పీవీసీనా, ప్యాచ్ ఎక్కడుంది, వాషరు కొలత ఎంత. మూతనీ వాషరునీ దాంతోపాటే కవర్లో వేసి కట్టేయాలి. అవి లేని పరుపు ఎందుకూ కొరగాదు.

పక్కింటివాళ్లో బంధువులో వాడి ఇచ్చిన పరుపు తీసుకోవడం తప్పేం కాదు, మన తెలుగు ఇళ్లల్లో వాకరు, వీల్‌చెయిరు, ఈ పరుపు ఇంటింటికీ తిరుగుతూనే ఉంటాయి. తెచ్చుకున్న రోజే మనిషిని ఎక్కించకండి. పైన సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టి, గాలి నింపి మూత బిగించి పొద్దుటిదాకా వదిలేయండి. పొద్దున మెత్తబడి కనిపిస్తే సబ్బు నీళ్లతో వెతకండి, చిన్న చిల్లైతే ప్యాచ్ వేసుకోండి, అతుకు దగ్గరైతే థాంక్స్ చెప్పి వెనక్కి ఇచ్చేయండి.